మంచి చెయ్యి

గట్టు మీద తెల్లగా పేరుకున్నదాన్ని సుందరమ్మ చూపుడువేలితో గీకి నాలిక మీద వేసుకుంది. ఉప్పే. పక్కకు ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుని చేలోకి దిగింది.

నాట్లు పడి నెల దాటింది. ఈపాటికి పైరు దుబ్బు కట్టి గాలికి ఒరుసుకుంటూ ఉండాలి. పడమటి గట్టు వెంట కొసలు మాడి, సెగ చూపించినట్టు ఎర్రబడిపోయింది. నిరుడు గట్టు వారన మాత్రమే పోయింది. ఈసారి చేను నడుముదాకా పాకింది. ఒక దుబ్బు పట్టుకుని లాగితే వేళ్ళు నల్లగా కుళ్ళి చేతికొచ్చాయి. దాన్ని విసిరేయబుద్ధికాక కాసేపు పట్టుకునే నిలబడింది.

పడమటి గట్టుకు అవతల బ్రహ్మానందంగారి రొయ్యల చెరువు. అందులో నీళ్ళు ఈ చేను కంటే నిలువెత్తు పైన ఉంటాయి. సముద్రపు పాయలోంచి మోటార్లతో తోడిన ఉప్పునీళ్ళు. కట్ట అడుగునుంచి పగలనక రాత్రనక ఊరుతూనే ఉంటాయి. చెరువు తవ్వినవాడు చుట్టూ ఊట కాలువ తీసి, ఊరిన నీటిని మురుగు కాలువలోకి పంపాలి. ఆయన మూడు వైపులా తీశాడు. ఆ మూడు వైపులా పెద్దవాళ్ళ చేలున్నాయి, వాళ్ళు ఊరుకోరు. నాలుగోవైపు సుందరమ్మది. ఆమె అత్తకు ఎప్పుడో ప్రభుత్వం పట్టా ఇచ్చిన నేల చెక్క. అటు మాత్రం తీయలేదు.

"మళ్ళీ నాలిక మీద వేసుకున్నావా?" కట్ట మీదనుంచి జకరయ్య అడిగాడు. ఆమె మొగుడే. ఆ చెరువుకి కాపలా ఉంటాడు. "ఉప్పు ఉప్పగానే ఉంటది. రోజూ చూస్తే తియ్యబడిద్దా?"

"వాళ్ళ కట్ట మీద నిలబడి నాతో మాట్లాడబాక. దిగొచ్చి మాట్లాడు."

జకరయ్య నవ్వాడు. దిగలేదు. "మోటారు చూసుకోవాలి. బుధవారం రొయ్య పిల్ల వచ్చిద్దంట, చెరువు నిండాల" అంటూ షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. వెళ్తున్నవాడి వీపుకేసి సుందరమ్మ చాలాసేపు చూసింది. చేతిలో కుళ్ళిన దుబ్బు అలాగే ఉంది.

సుందరమ్మ చెయ్యి మంచిదన్న మాట ఇప్పటిది కాదు. రేపల్లెకు దిగువన ఉన్న ఆ ఊళ్ళో అంతా వరే పండే రోజుల్లో, నాట్లు మొదలెట్టేటప్పుడు తూర్పు మూలన నారు మొదటి ముద్ద ఆమె చేత వేయించేవాళ్ళు. ఆమె మొదలెట్టిన మడి విరగబండుతుందని పేరు. ఆదివారం లూథరన్ గుడిలో పాస్టరుగారు అదృష్టం అనేది లేదు, ఉన్నదంతా కృపేనని ప్రసంగం చేస్తే ఆమెన్ అనేది. సోమవారం పొద్దున్నే ఎవరో వచ్చి "మొదటి ముద్ద నువ్వే వెయ్యాలి సుందరమ్మా" అంటే కాదనేది కాదు. నలుగురు ఆడవాళ్ళలో తనని ముందు పిలవడం ఎవరికి చేదు? దాన్ని ఆమె మర్యాద అనుకుంది. జనం దాన్ని ఏమనుకుంటున్నారో అప్పట్లో ఆలోచించలేదు.

తర్వాత వరి మళ్ళు ఒక్కొక్కటే చెరువులయ్యాయి. రొయ్య వేసినవాడు ఒక పంటతో మేడ కడతాడు, ఇంకో పంటతో ఆ మేడను బ్యాంకుకు రాసిస్తాడు. మందులు, మేతలు, పరీక్షలు ఎన్ని ఉన్నా, తెల్లమచ్చ రోగం ఏ చెరువులో దిగుతుందో, ఏ చెరువుని దాటిపోతుందో చెప్పగలిగినవాడు లేడు. అలాంటి చోట మనిషి దేన్నైనా పట్టుకుంటాడు. బ్రహ్మానందంగారు సుందరమ్మ చెయ్యి పట్టుకున్నారు.

ఆయన మొదటి చెరువుకి రొయ్య పిల్లల మొదటి ప్యాకెట్టు ఆమె చేతే కోయించి వదిలించారు. ఆ వేసవిలో చుట్టుపక్కల చెరువులన్నీ తెల్లమచ్చతో తేలిపోతే, ఆయనది ఒక్కటే నిలబడింది. మరుసటి పంటకి సుందరమ్మ ఊళ్ళో లేదు. కూతురి పురిటికి ఈపురుపాలెం వెళ్ళింది. ఆయన తొందరపడి తనే వదిలాడు. నెలన్నర తిరగకుండానే చెరువులో రొయ్యంతా ఎర్రగా చచ్చి ఒడ్డుకి కొట్టింది. ఇంకేం కావాలి? ఆ దెబ్బతో సుందరమ్మ చెయ్యి ఆయనకు దేవుడైపోయింది.

ఆ పేరు పాకి కర్లపాలెం నుంచి ఒక రైతు ఆటో పంపాడు, తన చెరువుకి కూడా మొదటి ప్యాకెట్టు వదలమని. ఆటో ఇంటిముందు ఆగగానే బ్రహ్మానందంగారు స్వయంగా వచ్చి దాన్ని వెనక్కి పంపేశారు. "మన సుందరమ్మ బయటికి రాదయ్యా, ఇంటి మనిషి" అన్నారు. వారం తిరక్కుండా జకరయ్యకి కాపలా పని ఇచ్చారు. అది జీతం కాదు, పలుపుతాడు. మొగుణ్ణి కట్టేస్తే పెళ్ళాం ఎక్కడికీ పోదని ఆయనకు తెలుసు.

అంత మంచి చెయ్యి గల మనిషి చేను ఎందుకు మాడిపోతోందో మాత్రం ఎవరూ అడగలేదు. సుందరమ్మే ఒకసారి అడిగితే, చెరువు దగ్గర కూలీ ఒకడు, "అట్టాంటోళ్ళకి తమ చెయ్యి తమకి పనిచెయ్యదంట అక్కా" అన్నాడు. అంత నమ్మకంగా చెప్పినవాడికి ఏం జవాబు చెప్తాం?

బాపట్లలో మట్టి పరీక్షకి కూడా ఇచ్చి వచ్చింది. అక్కడి అమ్మాయి మంచిగానే చెప్పింది. ఊట ఆగితే ఈ వానాకాలమే కాలవనీళ్ళు పెట్టి రెండు మూడుసార్లు కడగవచ్చు, నేల తిరుగుతుంది. ఈ ఏడాది దాటితే చవుడు కట్టేస్తుంది, గడ్డి కూడా మొలవదు. నిరుడే ఒకసారి అడిగితే తవ్విద్దామన్నారు. ఇప్పుడు ఆ మాట పట్టుకొచ్చి ఆయనకు చెప్పింది. "తవ్విద్దాం" అన్నారు. మళ్ళీ చెప్పింది. "తవ్విద్దాం సుందరమ్మా, నీకు కాకపోతే ఎవరికి?" అన్నారు. పక్క చెరువు కట్ట ఎత్తు చేయడానికి పొక్లెయిన్ వచ్చి రోజూ తిరుగుతూనే ఉంది. దానికి ఇది ఒక పూట పని. ఆ పూట రావడం లేదు.

ఈసారి సుందరమ్మ ఆయన్ని అడగలేదు. దుబ్బు చేత్తో పట్టుకుని తిన్నగా వాళ్ళింటి దొడ్డివైపు వెళ్ళింది. ఆయన భార్య హైమావతి వసారాలో కూర్చుని గోంగూర వలుస్తోంది. మనిషి చెడ్డది కాదు. పలకరించకుండా పంపదు, కాఫీ ఇవ్వకుండా పంపదు.

"రా సుందరమ్మా. నేనే కబురు పెడదామనుకుంటున్నా. బుధవారానికి చీర కూడా వచ్చేసింది. మా తమ్ముడు తెనాల్నించి తెచ్చాడు, మంచి రంగు."

"చీర వద్దండి అమ్మగారూ. కాలువ కావాలి." చేతిలో దుబ్బు వసారా అరుగుమీద పెట్టింది. "చూడండి. చేను సగందాకా ఇంతే."

హైమావతి దుబ్బుకేసి చూసి, మళ్ళీ ఆకు వలవడంలో పడింది. "ఆ సంగతి ఆయన చూసుకుంటారులే. ఎండినా నీకు వచ్చే బస్తాలు మేమే కొలుస్తామన్నారుగా."

"నాకు బస్తాలు ఎందుకండీ కొలవటం? నా నేల నాకు కొలవదా? పొక్లెయిన్ పక్కనే ఉంది. ఒక్క పూట. డీజిలుకి వెనకాడుతున్నారంటే నేనే ఇచ్చుకుంటా."

"అయ్యో, డీజిలుకి వెనకాడే మనిషా ఆయన?" హైమావతికి ఆ మాట గుచ్చుకుంది. మొగుణ్ణి పిసినారి అనడం ఆమెకు పడదు. దాన్ని కడిగేయాలన్న తొందరలో అసలు మాట బయటపెట్టేసింది. "నీకు కోపం రాకూడదు మరి. తెనాల్లో సిద్ధాంతిగారికి చెరువు ప్లాను చూపించాం. ఆయన చాలాసేపు చూసి, తూర్పున ఆ చెక్క ఎవరిదని అడిగారు. నీదని చెప్పాం. నీ చేతి సంగతి కూడా చెప్పాం. అప్పుడన్నారు, ఈ కలిసొచ్చేదంతా ఆ నేల్లోంచే మీ చెరువులోకి వస్తోంది, మధ్యలో కోత పెట్టారంటే దారి తెగిపోయిద్దని. అందుకని తవ్వించట్లేదు గానీ, నీ మీద ఏం ఉంది మాకు? నీ వల్లే బాగున్నామని ఆయన ఎంతమందితో అంటారో."

ఆమె అది పొగడ్తలాగే చెప్పింది. అందుకే సుందరమ్మకు ఇంకా మండింది.

సుందరమ్మ అరుగు మీది దుబ్బు తిరిగి చేతిలోకి తీసుకుంది. మెడ వెనక ఎవరో వేడినీళ్ళు పోస్తున్నట్టుంది. ఆమె ఇన్నాళ్ళూ అది బద్ధకం అనుకుంది, నిర్లక్ష్యం అనుకుంది, పేదవాళ్ళ చేను కదా అని లెక్కలేనితనం అనుకుంది. వాటితో ఎలా పోట్లాడాలో తెలుసు. ఇది అలాంటిది కాదు. వీళ్ళు ఆమె చేను మాడటాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటున్నారు. పొద్దున్నే కట్ట మీద నడుస్తూ, ఎర్రబడ్డ పైరు చూసి, మన చెరువు పచ్చగా ఉందిలే అనుకుంటున్నారు.

"అమ్మగారూ" అంది చివరికి. గొంతు పెంచలేదు. "ఉప్పునీళ్ళు అటునించి ఇటు వస్తన్నాయి. అదృష్టం ఇటునించి అటు పోతందా? ఒకే కట్ట కిందనించి?"

హైమావతి చేతిలో గోంగూర కాడ ఆగింది. "నాకేం తెలుసే? మగాళ్ళు చూసుకునేవి."

సుందరమ్మ కాఫీకి ఆగలేదు.

ఆ సాయంత్రం జకరయ్యకు ఈ సంగతంతా చెప్పింది. అతను అన్నం కలుపుతూ విన్నాడు. విని, "పోనీలే, బస్తాలు ఇస్తామంటన్నారుగా" అన్నాడు.

"నీ పెళ్ళాం చేను మాడితే వాళ్ళకి కలిసొస్తదంట. ఇంకా పోనీలే అంటావేంది? నాకు రోగమొస్తే ఇంకా బాగా కలిసొస్తదేమో కనుక్కోకపోయావా?"

"నన్నేం చెయ్యమంటావే? అడిగితే ఉద్యోగం తీసేస్తాడు."

"నువ్వు అడగబాక. నువ్వు ఎప్పుడన్నా అడిగితేగా ఇప్పుడు అడగటానికి. నేను అడుగుతా. బుధవారం, అందరి ముందూ."

"ఏమని?"

"ముందు కాలువ, తర్వాత చెయ్యి."

జకరయ్య ముద్ద పళ్ళెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

బుధవారం పొద్దెక్కేసరికి బాపట్ల వైపునుంచి సీడ్ వ్యాను వచ్చింది. అట్టపెట్టెల నిండా ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్టులో సగం నీళ్ళు, సగం గాలి, ఆ నీళ్ళలో కనురెప్ప వెంట్రుకల్లా కదిలే రొయ్య పిల్లలు. వాటిని పెట్టెల్లోంచి తీసి చెరువు అంచున తేలేసి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చాక కోసి వదలాలి. ఆలస్యమైతే పిల్ల వేడెక్కి చస్తుంది. అందుకని అందరికీ తొందరే.

హైమావతి మోటారుకి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. పళ్ళెంలో చీర సిద్ధంగా ఉంది. ఆమె తమ్ముడు మనోజ్ తెనాలి నుంచి కారులో వచ్చాడు. అతనికి అక్కడ బట్టల షాపు. ఈ చెరువులో సగం పెట్టుబడి అతనిదే. తెల్లచొక్కాకి బురద అంటకుండా పంట్లాం మడిచి, కట్ట మీద చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడు. చెప్పులు తీయమని కూడా ఎవరో చెప్పి ఉంటారు.

"రా సుందరమ్మా, రా." బ్రహ్మానందంగారు నవ్వుతూ చిన్న చాకు చేతికిచ్చారు. "పిల్ల బాగుంది ఈసారి. నీదే ఆలస్యం."

సుందరమ్మ నీళ్ళ అంచుదాకా వెళ్ళింది. చాకు తీసుకుంది. మొదటి ప్యాకెట్టు ఆమె కాళ్ళ దగ్గర తేలుతోంది.

"బాబుగారండీ, తూర్పు వైపు ఊట కాలువ తవ్విస్తానని మూడుసార్లు అన్నారు. తవ్వించండి. మురుగు కాలువలో కలిసిందాకా ఇక్కడే నిలబడతా. కలిశాక కోస్తా."

ఆయన నవ్వు కొంచెం వంకరపోయింది. "ఇప్పుడా? పిల్లని ఎండలో పెట్టుకునా? ముందు ఇది కానీ, తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత అన్నది ఏడాది అయిందండి."

"ఏంటి బావా, ఏంటంట?" మనోజ్ దగ్గరికొచ్చాడు.

"ఏంలేదు. చేను ఊటెక్కిందంటోంది."

"ఎందుకు తవ్వించట్లేదో కూడా చెప్పండి" అంది సుందరమ్మ. "మావాళ్ళు కూడా ఇక్కడున్నారు. వింటారు. నా చేను మాడుతుంటే మీ చెరువు పండిద్దని సిద్ధాంతిగారు చెప్పారంట. చెప్పండి."

కట్ట మీద ఉన్న కూలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొక్లెయిన్ డ్రైవరు బీడీ కింద పడేసి ఇటు తిరిగాడు. జకరయ్య షెడ్డు గుంజని పట్టుకుని నిలబడిపోయాడు.

"సార్, నీళ్ళు సర్దుకున్నాయి. కొయ్యొచ్చు" అన్నాడు వ్యానుతో వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు. "ఎవరు కోసినా ఒకటే సార్."

"నువ్వుండవయ్యా" అని బావా బావమరుదులు ఇద్దరూ ఒకేసారి అన్నారు.

బ్రహ్మానందంగారి మొహం నల్లబడింది. అందరిలో అడగడం ఒకటి, లోపలి మాట బయటపెట్టడం ఒకటి. రెండూ కలిసి ఆయన బుర్ర తినేశాయి. కాలువ తవ్వితే అదృష్టం తెగుతుంది. తవ్వకపోతే ఈ మనిషి చెయ్యి పెట్టదు. ఏది వదులుకోవాలో తెలియని మనిషి ఏం చేస్తాడో ఆయన అదే చేశాడు. ఒక్క అంగలో నీళ్ళలోకి దిగి, సుందరమ్మ మణికట్టు పట్టుకున్నాడు. చాకున్న చేతిని అలాగే వంచి, తేలుతున్న ప్యాకెట్టు మీద పెట్టి లాగాడు. ప్లాస్టిక్ చీలి నీళ్ళూ పిల్లా చెరువులో పడ్డాయి.

"అయిపోయింది" అన్నాడు రొప్పుతూ. "మొదటిది సుందరమ్మ చేతిమీదుగానే పడింది. మిగతావి కానివ్వండి."

ఎవరూ కదల్లేదు.

సుందరమ్మ చాకు నీళ్ళలో వదిలేసింది. మణికట్టు మీద ఆయన వేళ్ళు పడినచోట తెల్లగా అయి, మెల్లగా ఎర్రబడుతోంది. ఆమె దాన్ని రుద్దుకోలేదు. ముప్ఫయ్యేళ్ళు ఈ ఊళ్ళో మోకాలి లోతు బురదలో మగవాళ్ళ పక్కన పనిచేసింది. ఎవడూ చెయ్యి వేయలేదు. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు.

"ఏంటి బావా, అట్టా చేశావ్?" మనోజ్ కంగారుపడిపోయాడు. కంగారు ఆమె కోసం కాదు. "ఉసూరుమంటూ పెట్టిన చెయ్యి కలిసొచ్చిద్దా? ఆవిడ మొహం చూడు. సగం డబ్బు నాది బావా ఇందులో. అమ్మా, నువ్వు ఏం అనుకోమాక, మనసులో ఏం పెట్టుకోమాక."

"వదిలెయ్ మనోజ్. చెయ్యి పడిందా లేదా?"

"పడటం వేరు, పెట్టటం వేరు."

"వాదన తర్వాత సార్, పిల్ల పోద్ది" అన్నాడు టెక్నీషియన్. ఎవరూ వినలేదు.

అప్పటిదాకా పళ్ళెం పట్టుకుని నిలబడ్డ హైమావతి దాన్ని కింద పెట్టింది. మొగుడి దగ్గరికి రాలేదు. ఉన్నచోటునుంచే అంది.

"ఎవరి చెయ్యి పట్టుకున్నారో చూసుకున్నారా మీరు? ఇంతమందిలో?"

"హైమా, నీకు తెలీదు, ఊరుకో."

"తెలియకేం." ఆమె పొక్లెయిన్ వైపు తిరిగింది. "బాబూ, ఆ బండి ఇటు తిప్పు. తూర్పు కట్ట కింద కాలువ తియ్యి."

"తియ్యమాక" అన్నాడు ఆయన.

"ఈ నేల మా నాన్న నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చాడు. నా పేరున ఉంది. నువ్వు తియ్యి బాబూ."

డ్రైవరు అయ్యగారికేసి చూశాడు, అమ్మగారికేసి చూశాడు. బండి ఎక్కాడు.

బకెట్టు కట్ట కింద మొదటిసారి దిగినప్పుడు నల్లటి బురద, దాంతోపాటు కుళ్ళిన వాసన పైకొచ్చాయి. వెనకే ఊట. తవ్విన గుంటలోకి నాలుగు వైపులనుంచీ బుడబుడమని నీళ్ళు చేరుతున్నాయి. ఎన్నాళ్ళనుంచో లోపల నొక్కిపెట్టిన నీళ్ళు. సుందరమ్మ తన గట్టు మీదికి వచ్చి నిలబడి చూసింది. గుంట కాలువై, కాలువ ఉత్తరంగా మురుగు వైపు సాగుతోంది. బ్రహ్మానందంగారు కట్ట మీద పచార్లు చేస్తూ సిద్ధాంతికి ఫోన్ కొడుతున్నారు. అటునుంచి ఎత్తడం లేదు. టెక్నీషియన్ ప్యాకెట్ల మీద తడి గోనెసంచులు కప్పుతున్నాడు. కప్పుతూ తనలో తనే ఏదో తిట్టుకుంటున్నాడు.

హైమావతి కూడా గట్టు మీదికి వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఇద్దరూ బకెట్టు దిగి లేవడం చూశారు. సుందరమ్మకు లోపల ఏదో కాస్త మెత్తబడింది. ఒక్కరైనా చూశారు. ఒక్కరికైనా తగిలింది.

కాలువ దాదాపు మురుగుదాకా వచ్చేసింది. ఇంకో నాలుగు బారలు ఉంది. హైమావతి చీర పళ్ళెం తీసుకొచ్చి ఆమె ముందు పట్టింది.

"చూశావుగా, దగ్గరుండి తవ్వించాను. ఆయన చేసింది మర్చిపో. ఇప్పుడు సంతోషంగా వచ్చి ఒక్క ప్యాకెట్టు వదులు తల్లీ. తమ్ముడు కూడా బెంగపడుతున్నాడు."

సుందరమ్మ చీరకేసి చూసింది. మంచి రంగే. హైమావతి మొహంకేసి చూసింది. నిజంగానే బతిమాలుతోంది. అందులో నటన లేదు. మణికట్టు పట్టుకున్నందుకు సిగ్గుపడిందీ నిజమే, ఆ చెయ్యి మళ్ళీ కావాలనుకోవడమూ నిజమే. కాస్త మెత్తబడ్డది లోపల తిరిగి గడ్డకట్టుకుంది. ముందుకంటే గట్టిగా.

"వదిలేశానుగా అమ్మగారూ."

"అదేంటే?"

"మొదటి ప్యాకెట్టు నా చేతే కోయించారుగా బాబుగారు. మొదటిదేగా మీకు కావాల్సింది. ఒక చెరువుకి ఒకసారే, అది మీ లెక్కే. నేను కాలువ తవ్వాక పెడతానన్నా. ఆయన ముందే తీసుకున్నాడు. ఇంక నా దగ్గర ఏం లేదు."

"అది బలవంతంగా..."

"అవునండి. బలవంతంగానే. అట్టా తీసుకుంటే ఏం వచ్చిద్దో పంట చేతికొచ్చిందాకా చూసుకుంటా కూర్చోండి. నేను తిట్టను, దీవించను."

మనోజ్ పరుగున వచ్చాడు. "అట్టా అనమాకమ్మా. పోనీ ఏం కావాలో చెప్పు. నీకో వాటా రాస్తాం. బావా, నువ్వన్నా చెప్పు."

"చెప్పేదేముంది?" బ్రహ్మానందంగారు ఫోను జేబులో పెట్టుకుని వచ్చారు. మొహంలో ఇప్పుడు భయం, కోపం వేరువేరుగా లేవు. "కాలువా తీయించింది, చెయ్యీ పెట్టనంటోంది. రెండువైపులా నాశనం చేసింది. ఏయ్, బండి ఆపు."

ఈసారి హైమావతి ఏమీ అనలేదు. పళ్ళెం చేత్తో పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడింది. బండి ఆగింది. కాలువలో చేరిన నీళ్ళు మురుగుకి నాలుగు బారల ఇవతల, ముందు మట్టి అడ్డుండి నిలిచిపోయాయి. ఇలాగే వదిలేస్తే సాయంత్రానికి నిండి, పొర్లి, ఆమె చేలోకే వస్తాయి. ముందుకంటే ఎక్కువగా వస్తాయి.

"జకరయ్యా" ఆయన షెడ్డు వైపు తిరిగి అరిచారు. "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు. మీ ఇద్దరి అదృష్టం మీ ఇంట్లోనే పెట్టుకోండి."

అటు చెరువు దగ్గర టెక్నీషియన్ ఇంక ఆగలేక తనే ప్యాకెట్లు కోసి వదలడం మొదలెట్టాడు. కొన్నిటిలో పిల్ల తెల్లబడి అడుగుకి చేరింది. మనోజ్ పెద్దగా కేకవేసి అటు పరుగెత్తాడు. బ్రహ్మానందంగారు కూడా పరుగెత్తారు. ఇద్దరూ నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, ప్యాకెట్లు ఎండకెత్తి చూసుకుంటూ, తప్పు నీదంటే నీదని అరుచుకుంటున్నారు. తెల్లచొక్కా నడుందాకా బురదైంది.

సుందరమ్మ అటు చూడలేదు. గట్టు దిగి కాలువ కొసకి వెళ్ళింది. కొంగు నడుముకి బిగించి, చేతుల్తోనే మట్టి తోడటం మొదలెట్టింది. జిగట బంకమట్టి. పిడికిలికి వచ్చేది పిడికెడే. గోళ్ళలోకి దిగి మండుతోంది. ఆపలేదు. హైమావతి కాసేపు చూసి, పళ్ళెం తీసుకుని కారు వైపు నడిచింది.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. జకరయ్య. చెరువు కట్ట దిగి చేలోంచి అడ్డంగా వస్తున్నాడు. భుజం మీద షెడ్డులోని పార ఉంది. వచ్చి పక్కన నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉద్యోగం తీసేశాడే."

"విన్నా."

"పార వాళ్ళదే. అడక్కుండా తెచ్చా."

ఆమె తలెత్తి మొదటిసారి అతని మొహంలోకి చూసింది. తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి, ఇన్నాళ్ళవీ. అవి తిట్టడానికి రేపు కూడా ఉంటుంది. నీళ్ళు మాత్రం వెనకనుంచి పెరుగుతున్నాయి.

"ఆ మొహం వేసుకుని నిలబడబాక" అంది. "ఇదిగో, ఈ మూలన మెత్తగా ఉంది. ఇక్కడ కొట్టు."

జకరయ్య లుంగీ ఎగ్గట్టి కాలువలోకి దిగాడు.